గడ్డి ఒకరిది, చమురు ఇంకొకరిది: వెస్ట్ టెక్సాస్ మేత భూముల కథ

వెస్ట్ టెక్సాస్‌లోని పేకోస్ కౌంటీలో ఇంపీరియల్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఒక చెరువుంది. దాన్ని బోమర్ లేక్ అంటారు. సుమారు అరవై ఎకరాలు. వానే సరిగా పడని ఆ ప్రాంతంలో అంత నీళ్లంటే పశువులున్నవాళ్లకి పండగ కావాలి. కానీ దాని ఒడ్డున గడ్డి మొలవదు, గట్టు పొడవునా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, గాలి వీస్తే కుళ్లిన గుడ్ల వాసన. ఆ చెరువును ఎవరూ తవ్వలేదు. దశాబ్దాల కిందట చమురు కోసం అక్కడ ఒక బావి వేశారు. చమురు బదులు నీళ్లు పడ్డాయి. దాన్ని నీటి బోరుగా భూమి యజమానికి వదిలేసి వెళ్లిపోయారు. కాలక్రమంలో లోపలి ఇనుప గొట్టం తుప్పుపట్టి, అడుగునున్న ఉప్పునీరు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైకి తన్నుకురావడం మొదలైంది. ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మూయించాల్సింది ఎవరు? రాష్ట్రంలో చమురు బావుల మీద అధికారం ఉన్న సంస్థ, అది నీటి బోరు కాబట్టి తమ పరిధిలోకి రాదంటుంది. స్థానిక భూగర్భ జలాల బోర్డు దగ్గర అంత డబ్బు లేదు. చమురు కోసం తవ్విన రంధ్రం కాగితం మీద నీటి బోరుగా మారిపోయింది, బాధ్యత గాల్లో కలిసిపోయింది.

వందేళ్ల చమురు ఒక పశువుల సీమను ఏం చేసిందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ చెరువు దగ్గరే మొదలుపెడతాను. కళ్లకు ముందుగా కనబడేది రిగ్గులు, గ్యాస్ మంటలు, లారీలు. అసలు మార్పు మాత్రం రెండుచోట్ల జరిగింది, భూమి కాగితాల్లో, భూమి అడుగు నీళ్లలో. ఈ రెంటినీ కలిపి చూస్తే తప్ప అక్కడ ఎవరు బాగుపడ్డారో, ఎవరు చితికిపోయారో అర్థం కాదు.

పెర్మియన్ బేసిన్ అనే ఈ ప్రాంతం వెస్ట్ టెక్సాస్ నుంచి న్యూమెక్సికో ఆగ్నేయ మూల దాకా ఉంటుంది. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. ఈ మధ్యకాలంలో రోజుకి 60 లక్షల బ్యారెళ్లకు పైగా చమురు ఇక్కడ్నించే వస్తోంది. అమెరికా మొత్తం ఉత్పత్తిలో దాదాపు సగం. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకి ఇది కారులో అయిదారు గంటల దూరం. అయినా చూసినవాళ్లు తక్కువే. అక్కడ చూడ్డానికేముంది అంటారు.

చమురు రాకముందు కూడా ఆ నేల సస్యశ్యామలమేమీ కాదు. ఆ ప్రాంతపు పట్టణం మిడ్‌లాండ్‌లో పడే వాన మన అనంతపురం కంటే తక్కువ. కోమాంచీ తెగను 1875 నాటికి అక్కడ్నించి పూర్తిగా తరిమేశారు. 1881లో రైలు వచ్చింది. రైలు వెంట ముళ్లకంచె, దాని వెంట గాలిమర వచ్చాయి. గాలిమర భూమిలోంచి నీళ్లు తోడి తొట్టి నింపితేనే అక్కడ పశువు బతుకుతుంది. మొదటి తరం ర్యాంచర్లు, అంటే వేల ఎకరాల మేత భూముల్లో మందలు పెంచేవాళ్లు, అత్యాశతో నేల మోయలేనన్ని ఆవుల్ని వదిలారు. 1880ల కరవుతో గడ్డి దెబ్బతింది. గడ్డి పోయినచోట మెస్కీట్ పొదలు కమ్ముకున్నాయి. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. చుట్టరికం ఆకులో, ముల్లులో కనబడుతుంది, మొండితనంలోనూ కనబడుతుంది. ఎండు ప్రాంతాల్లో ఒక్క ఆవును మేపాలంటే యాభై ఎకరాలు కావాలి, కొన్నిచోట్ల వంద కూడా చాలదు. కాబట్టి అక్కడ పదివేల ఎకరాల ఆసామి అంటే జమీందారు అనుకోకూడదు. మంద లెక్క చూస్తే అతను మధ్యతరగతి మనిషి.

ఆ నేలకి ఎంత విలువ కట్టారో టెక్సాస్ ప్రభుత్వం చేసిన పనే చెబుతుంది. 1876 రాజ్యాంగంలో, తర్వాత 1883లో, కలిపి 20 లక్షల ఎకరాలకు పైగా పశ్చిమ భూముల్ని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. మంచి భూమి ఇవ్వడం ఇష్టంలేక ఇచ్చిన బీడు అది. విశ్వవిద్యాలయం దాన్ని మేతకి కౌలుకిచ్చుకుంటూ కాలం గడిపింది. 1923 మే 28న రీగన్ కౌంటీలో ఆ బీడులోనే శాంటా రీటా నంబర్ 1 అనే బావి నుంచి చమురు చిమ్మింది. శాంటా రీటా అంటే అసాధ్యమైన కోరికలు తీర్చే సన్యాసిని అని క్యాథలిక్కుల నమ్మకం. పెట్టుబడి పెట్టిన న్యూయార్క్ మహిళల కోరిక మీద, తవ్వకం మొదలయ్యేటప్పుడు రిగ్ పైకెక్కి ఎండు గులాబీ రేకులు చల్లారట. ఆ బావి 1990 దాకా చమురిచ్చింది. ఆ భూముల ఆదాయంతో పెరిగిన విశ్వవిద్యాలయ నిధి విలువ ఇప్పుడు 3,000 కోట్ల డాలర్లు దాటింది.

చమురును తిట్టడానికి కూర్చున్నవాళ్లు ఒక నిజాన్ని దాటేస్తుంటారు. చమురే చాలా ర్యాంచిలను కాపాడింది. అయ్రా యేట్స్ అనే ఆసామి పట్నంలో నడుస్తున్న దుకాణం ఇచ్చేసి పేకోస్ నది దగ్గర ర్యాంచ్ తీసుకున్నాడు. అప్పు వాయిదాలు కట్టలేక, తన నేలలో తవ్వి చూడమని కంపెనీని తానే అడిగాడు. 1926 అక్టోబరులో చమురు పడింది. ఆ ఒక్క క్షేత్రం నుంచి 1985 నాటికి వంద కోట్ల బ్యారెళ్లు తీశారు. అయ్రా, ఆన్ దంపతుల పేర్లు కలిపి అక్కడ పుట్టిన ఊరికి అయ్రాఆన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత 1950 నుంచి 1957 దాకా టెక్సాస్‌ని ఏడేళ్ల కరవు పీడించింది. గడ్డి లేక మందలు అమ్మేశారు. ముళ్లజెముడు ముళ్లు కాల్చి పశువులకి మేతగా వేశారు. ఆ ఏడేళ్లలో ర్యాంచ్ చేజారకుండా నిలబెట్టుకున్న చాలామందిని ఆదుకున్నది లీజు డబ్బు, రాయల్టీ చెక్కు, అంటే చమురు రాబడిలో యజమాని వాటా. అది గడ్డితో, వానతో పనిలేకుండా ప్రతినెలా పోస్టుడబ్బాలోకి వచ్చిపడే డబ్బు.

అయితే ఆ చెక్కు ఎవరి డబ్బాలో పడుతుంది? గడ్డి మేపే మనిషి డబ్బాలోనే పడాలని లేదు. కథంతా ఇక్కడ మలుపు తిరుగుతుంది.

అమెరికాలో భూమిని అడ్డంగా రెండుగా కోయవచ్చు. పైనేల ఒకరిది, కింది ఖనిజం ఇంకొకరిది. 1895 తర్వాత టెక్సాస్ అమ్మిన చాలా ప్రభుత్వ భూముల్లో ఖనిజం రాష్ట్రానిదే. తమ నేలలో తవ్వి తమకేమీ ఇవ్వకపోతే ఊరుకోబోమని ర్యాంచర్లు గొడవపెట్టాక, 1919లో ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం అలాంటి భూముల్లో పైనేల యజమాని రాష్ట్రం తరఫున ఏజెంటుగా లీజు ఇచ్చి, వచ్చినదాంట్లో సగం తీసుకుంటాడు. న్యూమెక్సికో వైపు కథ ఇంకోలా ఉంది. 1916లో ఫెడరల్ ప్రభుత్వం పశువులు పెంచుకునేవాళ్లకి 640 ఎకరాల చొప్పున భూమి ఇచ్చింది, ఖనిజం మాత్రం తనదగ్గరే పెట్టుకుంది. ఇక సొంత భూముల్లో కుటుంబాలే ఈ కోత కోశాయి. తాత ర్యాంచ్ అమ్ముతూ ఖనిజ హక్కు మిగుల్చుకుంటాడు. అది పిల్లలకి, మనవలకి ముక్కలై చేరుతుంది. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉండి ఆ నేల ముఖం కూడా చూడని మనిషికి చెక్కు వెళుతుంది, దుమ్ము మాత్రం అక్కడ కాపురముండేవాడి మీద పడుతుంది.

పైగా, టెక్సాస్ న్యాయం ప్రకారం కింది హక్కుదే పైచేయి. ఖనిజం తీయడానికి ఎంత నేల అవసరమో అంత వాడుకోవచ్చు. పైనేల యజమాని అనుమతి అక్కర్లేదు. 1971లో గెట్టీ ఆయిల్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు కొంచెం ఊరటనిచ్చింది. పైనేల యజమాని ముందునుంచీ వాడుకుంటున్న పద్ధతి ఏదైనా ఉంటే, కంపెనీకి వేరే సహేతుకమైన మార్గం ఉంటే, సర్దుకుపోవాలని చెప్పింది. అది సర్దుబాటు మాత్రమే. కాదనే హక్కు కాదు. మన ఊళ్లో ఎవరైనా పొలంలో అడుగుపెట్టి రేపట్నుంచి ఇక్కడ లారీలు తిరుగుతాయంటే గొడవ అయిపోతుంది. అక్కడ తలుపు తీసి పెట్టాల్సిందే. బేరం ఒక్కటే మిగులుతుంది, ఎంత పరిహారమిస్తారన్నది. ఖనిజంలో వాటా ఉన్న ర్యాంచర్ ఆ బేరంలో బలవంతుడు. వాటా లేనివాడికి ఉన్న బలమల్లా కంపెనీకి త్వరగా పని మొదలుపెట్టాలన్న తొందర.

అందుకే ఒకే రోడ్డు మీద, పక్కపక్కనే రెండు ర్యాంచిలు రెండు రకాలుగా కనబడతాయి. ఒకచోట కొత్త కంచె, కొత్త ఇల్లు, పేరుకి నాలుగు ఆవులు. ఇంకోచోట గేటు తెరిచి వదిలేసిన డ్రైవర్ల వల్ల రోడ్డెక్కిన దూడలు, తెల్ల సున్నపురాయి పరిచిన లారీ బాటల మధ్య ముక్కలైన మేత. తేడా కష్టంలో లేదు, తెలివిలో లేదు. ముత్తాత సంతకం పెట్టిన కాగితంలో ఉంది.

2010 తర్వాత వచ్చిన మార్పు వేగం పూర్తిగా వేరు. పాత పద్ధతిలో బావి నిటారుగా దిగేది, పైన చమురు తోడే పంప్‌జాక్ ఒకటి తలాడిస్తూ ఉండేది, ఆవులు దాని నీడలో పడుకునేవి. ఇప్పుడు బావి కిందికి దిగి అడ్డంగా మూడు కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ దూరం కూడా పోతుంది. రాతిని పగలగొట్టడానికి నీళ్లు, ఇసుక అధిక ఒత్తిడితో పంపుతారు. ఇసుక కోసం 2017 నుంచి కెర్మిట్ ఊరి దగ్గర ఇసుక దిబ్బలనే తవ్వడం మొదలుపెట్టారు. ఆ దిబ్బల్లో తప్ప బతకని ఒక చిన్న బల్లి 2024లో అంతరించే జాతుల జాబితాకెక్కింది. పేకోస్ ఊరి మీదుగా పోయే 285 నంబరు రోడ్డు ప్రమాదాలకి పేరుమోసింది. లవింగ్ కౌంటీ సంగతి చూడండి, 2020 జనాభా లెక్కల్లో 64 మంది. టెక్సాస్‌లో అతి ఎక్కువ చమురిచ్చే కౌంటీల్లో అదొకటి. అక్కడ పనిచేసేవాళ్లు వేలమంది ఉన్నా, తాత్కాలిక క్యాంపుల్లో పడుకుని వెళ్లిపోతారు. పశువుల పని తెలిసిన కుర్రాళ్లు లారీ ఎక్కేశారు. లారీ జీతంతో ర్యాంచ్ జీతం పోటీపడలేదు, వాళ్లని తప్పుపట్టలేం.

రెండేళ్ల కిందట ఒక రాత్రి నేను మిడ్‌లాండ్ నుంచి పేకోస్ దాకా కారులో వెళ్లాను. ఒకప్పుడు చుక్కలు తప్ప ఏమీ లేని చోటని చదివాను. దారి పొడవునా గ్యాస్ మంటలే. ఒక్కో మంట చుట్టూ ఆకాశం ఎర్రగా కంది ఉంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

టెక్సాస్‌లో భూగర్భ జలం పైనేల యజమానిది. 1904లో ఒక రైల్వే కంపెనీ కేసులో కోర్టు ఈ సూత్రం పెట్టింది. నీ నేల మీద నుంచి ఎంత తోడుకున్నా, పక్కవాడి బావి ఎండినా, సాధారణంగా అడిగేవాడు లేడు. ఒక్కో కొత్త చమురు బావికి నాలుగైదు కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. ఖనిజం లేని ర్యాంచర్‌కి దీంతో చివరికి అమ్ముకోవడానికి ఒకటి దొరికింది, తన నీళ్లు. చాలామంది అమ్మారు. నేను వాళ్లని నిందించను. ఆవుల మీద పదేళ్లకి రాని డబ్బు కొన్ని నెలల్లో వస్తుంటే, అప్పులున్న మనిషి ఏం చేస్తాడు? కానీ ఆ సీమలో పశువుల పెంపకం నిలబడింది గాలిమర కింది నీటి మీద. ర్యాంచ్‌ని నిలబెట్టుకోవడానికి ర్యాంచ్ ప్రాణాన్నే అమ్మాల్సి రావడం ఆ మనుషుల తప్పు కాదు, ఆ ఏర్పాటు తప్పు. ఈమధ్య కంపెనీలు వాడిన నీటినే మళ్లీ వాడటం పెంచాయి. అది మంచి మార్పు.

తీసుకున్న నీళ్ల కంటే భయపెట్టేవి పైకొచ్చే నీళ్లు. చమురుతో పాటు పాతాళంలోని ప్రాచీన సముద్రపు నీరు వస్తుంది. ఒక బ్యారెల్ చమురుకి మూడు, నాలుగు బ్యారెళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. సముద్రపు నీటికి మూడు నాలుగు రెట్ల ఉప్పు ఉండవచ్చు. ఒక పైపు లీకైతే ఆ మేర గడ్డి పోతుంది, ఏళ్ల తరబడి రాదు. చమురు ఒలికితే నేల కొన్నాళ్లకి తేరుకోవచ్చు, ఉప్పు ఒలికితే తేరుకోదు. పశువులున్నవాళ్లు నల్లమరక కంటే తెల్లమరకకే ఎక్కువ భయపడతారు.

ఆ నీటిని మళ్లీ భూమిలోకే ఎక్కిస్తారు. లోతుగా ఎక్కిస్తే భూమి కంపించింది. 2022 నవంబరు 16న రీవ్స్, కల్బర్సన్ కౌంటీల సరిహద్దులో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి మిడ్‌లాండ్ దగ్గర ఇంకోటి. లోతు బావులకి పరిమితులు పెట్టాక, నీటిని తక్కువ లోతు పొరల్లోకి మళ్లించారు. అక్కడ ఒత్తిడి పెరిగింది. ఆ పొరల్లోంచి గత వందేళ్లుగా వేసి వదిలేసిన పాత బావులు వేలసంఖ్యలో పోతున్నాయి. ఎక్కడ సిమెంటు బలహీనంగా ఉంటే అక్కడ నీళ్లు పైకి తన్నుతున్నాయి. 2022 జనవరిలో క్రేన్ కౌంటీలో ఒక పాత బావి నుంచి వంద అడుగుల దాకా ఉప్పునీరు చిమ్మింది. 2024 అక్టోబరులో టోయా ఊరి దగ్గర మరొకటి. వింక్ ఊరి దగ్గర నేలే కుంగింది. 1980లో ఒక గొయ్యి, 2002లో దానికంటే పెద్ద గొయ్యి. కింది ఉప్పు పొర కరిగిపోవడం కారణం, అందులో పాత చమురు బావుల పాత్ర ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ముత్తాతల కాలంలో మూసేశామనుకున్న రంధ్రాలు మనవల కాలంలో నోరు తెరుస్తున్నాయి.

వీటన్నిటినీ చూసుకోవాల్సిన సంస్థ పేరు టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్. 1891లో రైళ్ల కోసం పెట్టారు. 2005 నుంచి రైళ్లతో దానికి సంబంధమే లేదు, చూసేది చమురు, గ్యాస్. పేరు మాత్రం మార్చలేదు. తమకి సంబంధించిన సంస్థ ఏదో చాలామంది ఓటర్లకి తెలియకపోవడానికి ఆ పేరూ ఒక కారణమే. బావులు మూసేందుకు కంపెనీలు ముందుగా కట్టాల్సిన పూచీ లెక్క చూడండి. చాలాకాలంగా ఉన్న నిబంధన ప్రకారం 11 నుంచి 99 బావులున్న కంపెనీ 50,000 డాలర్ల పూచీ పెడితే చాలు. 99 బావులకి పంచితే ఒక్కోదానికి 505 డాలర్లు. ఒక బావిని సరిగా మూయడానికి పదుల వేల డాలర్లు అవుతుంది. ధర పడిపోగానే చిన్న కంపెనీ చేతులెత్తేస్తుంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర, అంటే ముందస్తు ఒప్పందాల ధర, సున్నా కిందికి, మైనస్ 37.63 డాలర్లకి పడింది. అలాంటి రోజున ఎవరు బాకీ తీర్చి వెళతారు? టెక్సాస్‌లో దిక్కులేని బావులు వేలల్లో ఉన్నాయి. 2021లో ఫెడరల్ ప్రభుత్వం దేశం మొత్తమ్మీద ఇలాంటివి మూయడానికి 470 కోట్ల డాలర్లు కేటాయించింది. లాభం ఒకరు పట్టుకుపోయారు, మూతకి పన్నులు కట్టేవాళ్లు డబ్బిస్తున్నారు.

ఇది మనకెందుకు అనుకోవద్దు. నేను కోనసీమవాణ్ణి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై అంటుకున్న మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిళ్లు మా మేడ మీద నుంచి ఆ వెలుగు కనబడేది. పెద్దవాళ్లు దాన్ని చూస్తూ మాట్లాడకుండా నిలబడేవాళ్లు. మన దగ్గర కింది చమురు, గ్యాస్ రైతువి కావు. రాయల్టీ ప్రభుత్వానికి వెళుతుంది. పైపులైను కోసం పొలం తవ్వితే 1962 చట్టం ప్రకారం నష్టపరిహారంతో పాటు భూమి విలువలో పదిశాతం ఇస్తారు, భూమి రైతు పేరునే ఉంటుంది. కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. కోనసీమలో కొబ్బరి చెట్టు నాటకూడదంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అక్కడ ప్రైవేటు ఆస్తి హక్కు అంటే దేవుడితో సమానం, ఇక్కడ ప్రభుత్వమే ఖనిజానికి యజమాని. రెండు వ్యవస్థలూ పూర్తిగా వేరు. రెండుచోట్లా పైనేల మీద బతికే మనిషికి మాత్రం వద్దనే హక్కు లేదు.

చమురు డబ్బు వల్ల బడులు నడిచాయి, విశ్వవిద్యాలయం ఎదిగింది, లక్షల కుటుంబాలు తిన్నాయి అని చెప్పేవాళ్లున్నారు. నిజమే. నేను చమురు ఆపెయ్యమనడం లేదు. ఆ చమురు ఇప్పుడు మన దేశపు రిఫైనరీల దాకా వస్తోంది, నా కారులోనూ పోస్తున్నాను. నేననేది ఒక్కటే, బావి వేసే రోజునే దాన్ని మూసే పూర్తి ఖర్చు పక్కన పెట్టించాలి, పైనేల యజమానికి రాతపూర్వక నోటీసు, నష్టపరిహారం చట్టంలో హక్కుగా ఉండాలి. ఇది జరగని పని కాదు. పక్కనే న్యూమెక్సికో 2007లో పైనేల యజమానుల రక్షణ చట్టం తెచ్చింది. నోటీసివ్వాలి, నష్టం కట్టాలి, నేలను బాగుచేయాలి. అక్కడ తవ్వకం ఆగలేదు, ఇంకా పెరిగింది. అదే బేసిన్, అదే రాయి, అవే కంపెనీలు. సరిహద్దు గీత దాటి టెక్సాస్‌లోకి రాగానే అలాంటి చట్టం లేదు.

శాంటా రీటా బావి పక్కన టెక్సాన్ అనే ఊరు ఉండేది. ఇప్పుడు దాదాపు శిథిలం. 1920ల్లో ఆ క్షేత్రంలోంచి వచ్చిన ఉప్పునీటిని భూమిలోకి ఎక్కించాలన్న ఆలోచన ఎవరికీ లేదు, పల్లానికి వదిలేశారు. నీళ్లు పారినంత మేరా, వేల ఎకరాల్లో, గడ్డి చచ్చిపోయింది. ఆ మచ్చ ఉపగ్రహ చిత్రాల్లో ఇప్పటికీ కనబడుతుంది. బావి యంత్రాన్ని తీసుకెళ్లి ఆస్టిన్‌లో విశ్వవిద్యాలయ ప్రాంగణంలో గౌరవంగా నిలబెట్టారు. మచ్చ మీద మాత్రం వాలుకి అడ్డంగా కట్టలు వేసి, వాననీరు నిలబెట్టి, ఉప్పును తట్టుకునే మొక్కలు నాటుతూ వచ్చారు. కట్టల వెనక, నీళ్లు నిలిచిన చోట మాత్రం కొంచెం కొంచెంగా పచ్చదనం వస్తోంది.